మూడు పెట్టల సాక్ష్యం

మనుషులు ఇంట్లో కోళ్ళను పెంచుకోవడానికి గుడ్లో, కూరో కారణమవుతాయి. మా పెరట్లోకి మూడు పెట్టలూ ఒక పుంజూ రావడానికి కారణం మాత్రం ఒక ఇంగ్లీషు విశేషణం.

నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. లోకంలో ఋజువు లేకుండా చెలామణీ అవుతున్న మాటలు ఎన్ని ఉన్నాయో గమనించే తీరిక రిటైరయ్యాకే దొరికింది. వాటిని అరికట్టడానికి 'ఋజువుల సంఘం' అని ఒకటి స్థాపించి, మరెవరూ ముందుకు రాకపోవడంతో అధ్యక్షుణ్ణి నేనే అయ్యాను. సంఘానికి నియమాలు రెండే. ఋజువు చూపలేని మాట ఎవరూ అనరాదు. ఋజువును వంకర తిప్పినవాడు పదవిలో ఉండరాదు. ఈ రెండోది నేనే పట్టుబట్టి చేర్పించాను. ఆ సంగతి మీరు గుర్తుంచుకోండి. నేను మర్చిపోయాను.

సభ్యులం ఐదుగురం. ప్రతి ఆదివారం పొద్దున్నే పార్కులో సిమెంటు బల్ల దగ్గర కలుస్తాం. ఒకాయన పళ్ళ డాక్టరు. ఎదుటివాడి నోరు తెరిపించి అందులో పరికరాలు పెట్టాక సంభాషణ మొదలుపెట్టడం ఆయన వృత్తి. కాబట్టి తన మాటకు ఎదురు సమాధానం అనేది ఒకటుంటుందని ఆయనకు తెలియదు. ఇంకొకాయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు చేసి రిటైరయ్యారు. మేం తూకంగారు అంటాం. ఏ మాట విన్నా అరచెయ్యి వెల్లకిలా చాపి, బరువు చూస్తున్నట్టు రెండుసార్లు ఊపి, ఆ తర్వాతే అభిప్రాయం చెబుతారు. మిగతా ఇద్దరూ అన్నిటికీ తలూపే రకం. అలాంటివాళ్ళు లేకపోతే ఏ సంఘమూ నడవదు.

మా ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా చేసింది. ఊరి మాటలన్నీ ఆవిడ చెవి పక్కనుంచే వెళ్ళాయి. ఒక్కటీ నోట్లోంచి బయటికి రాలేదు. వినడం ఆవిడ ఉద్యోగం, మాట్లాడడం నా ఉద్యోగం. ఈ కారణం చేత మా కాపురంలో నేను చెప్పనివన్నీ ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలిసినవేవీ నాకు తెలియవు.

ఆ ఆదివారం నేను చంద్రుడు దిగంతం దగ్గర పెద్దగా ఎందుకు కనిపిస్తాడో వివరిస్తున్నాను. అసలు కీలకం విప్పబోతుండగా జేబులో ఫోను మోగింది.

"ఆఁ... ఆఁ... అలాగే... ఇదిగో, బయల్దేరా."

చంద్రుణ్ణి ఆకాశంలోనే వదిలేసి లేచి నిలబడ్డాను.

"ఏమైంది మాస్టారూ?" అన్నాడు డాక్టరు.

"ఏం లేదు. ట్యాంకు నిండిందట. మోటారు ఆపాలి."

"మోటారు స్విచ్చి ఇంట్లోనే కదా ఉంటుంది?"

"ఇంట్లోనే."

"అమ్మగారూ ఇంట్లోనే కదా ఉన్నారు?"

"ఇంట్లోనే."

"మరి తమరు ఇక్కణ్ణుంచి వెళ్ళి..."

"వేసినవాడే ఆపాలని మా ఇంట్లో ఒక పద్ధతి," అన్నాను గంభీరంగా. "లైటు గానీ, ఫ్యాను గానీ, మోటారు గానీ. ఎవరు మొదలుపెట్టింది వాళ్ళే ముగించాలి. బాధ్యత అలవడుతుంది."

"ఈ పద్ధతి ఎవరు పెట్టారు?"

నేను కొంచెం ఆలోచించాను. అదే నేను చేసిన పొరపాటు.

డాక్టరు బల్ల చరిచాడు. "అయ్యా, సభకు మనవి. మన అధ్యక్షులవారు పక్కా హెన్‌పెక్డ్!"

తలూపే ఇద్దరూ తలూపారు. తూకంగారు అరచెయ్యి చాపి ఊపి, "మాట బరువుగానే ఉంది," అన్నారు.

నేను మళ్ళీ కూర్చున్నాను. ఆ పూట మా ట్యాంకు పొంగింది. దానికి నేను తర్వాత పడిన శిక్ష ఇక్కడ అప్రస్తుతం.

"ఋజువు?" అన్నాను.

"ఏమిటండీ, మీరు లేచి నిలబడడమే ఋజువు!"

"నా సంగతి తర్వాత. ముందు మాట సంగతి తేలాలి. హెన్ అంటే పెట్ట. పెక్డ్ అంటే ముక్కుతో పొడవబడిన. పెళ్ళాం మాట జవదాటని మొగుణ్ణి అలా అంటారు గానీ, అక్షరాలా పెట్ట పొడిచినవాడు అని అర్థం. ఇంగ్లీషులో ఈ అచ్చులో పోసిన మాటలు చాలా ఉన్నాయి. సన్‌బర్న్‌ట్ అంటే ఎండకు కమిలిన. మాత్‌ఈటెన్ అంటే పురుగు కొట్టిన. ఎండకు కమిలిన ముఖం చూశాం. పురుగు కొట్టిన కోటు చూశాం. పెట్ట పొడిచిన పుంజును మీలో ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. డాక్టరు జీవితమంతా నోళ్ళే చూశాడు, తూకంగారు తూకంరాళ్ళే చూశారు.

"ఇంట్లో చూసినదాన్ని బట్టి..." అని డాక్టరు ఏదో మొదలెట్టాడు గానీ, సొంత ఇంటి ప్రస్తావన వస్తుందని తోచి ఆగిపోయాడు.

మర్నాడు లైబ్రరీకి వెళ్ళి, రెండు చేతులూ పడితే గానీ లేవని నిఘంటువు దించాను. ఆ మాటకు మూడు వందల ఏళ్ళకు పైబడిన వయసుంది. పెట్టలు ఒక్కోసారి పుంజు ఈకలు పీకే అలవాటు నుంచి పుట్టి ఉండవచ్చునని రాశారు. 'ఉండవచ్చు'నట! నాకు మరీ ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. ముందు 'పొడవబడిన' అనే విశేషణం పుట్టి, దానిలోంచి తర్వాత 'పొడుచు' అనే క్రియ ఊడిపడిందట. అంటే జనం ముందు దెబ్బ తిన్న మొగుణ్ణి చూశారు, ఆ తర్వాత దెబ్బ ఎలా పడి ఉంటుందా అని ఆలోచించారు. కార్యం ముందు, కారణం వెనక! నా భౌతికశాస్త్రంలో ఇలాంటిది ఒక్కటీ లేదు. ఇంత చోద్యమైన మాటను పరీక్షించకుండా వదిలిపెట్టడం నా వల్ల కాలేదు.

తర్వాతి ఆదివారం సభలో పందెం ఖాయమైంది. కొన్నాళ్ళు మా పెరట్లో ఒక పుంజునూ మూడు పెట్టలనూ ఉంచి గమనిస్తాను. ఆ తర్వాత సభ మా పెరట్లోనే జరుగుతుంది. పెట్ట పుంజును పొడిస్తే ఆ విశేషణాన్ని నేను బిరుదుగా ధరించి, అధ్యక్ష పీఠం డాక్టరుకు అప్పగించాలి. పొడవకపోతే ఆ మాట మళ్ళీ మా బల్ల దగ్గర వినపడకూడదు.

"ఒక్క అనుమానం," అన్నారు తూకంగారు. "కోళ్ళకు ఇంట్లో ఒప్పుకోవాలి కదా?"

"పెరడు నాది. నేనెవర్నీ అడగక్కర్లేదు."

తూకంగారి చెయ్యి రెండుసార్లు ఊగింది. "ఈ మాట మరీ తేలిగ్గా ఉందండీ."

మా ఆవిడ తమ్ముడికి ఊరి బయట కోళ్ళ షెడ్డుంది. అతనికి ఫోను చేశాను.

"బావా, నాలుగంటే నాలుగు, నలభై అంటే నలభై!" అన్నాడు.

"నాలుగు చాలు. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా మీ అక్కకి."

"అయ్యో బావా, నేనెందుకు చెబుతాను?"

నిశ్చింతగా వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ బఠానీలు ఒలుస్తోంది.

"ఏమోయ్, మీ తమ్ముడు పాపం ఇబ్బందుల్లో ఉన్నాడు. షెడ్డు పైకప్పు మరమ్మతట. నాలుగు కోళ్ళకి చోటు చాలక అల్లాడిపోతున్నాడు."

"వాడి షెడ్డులో ఎన్ని కోళ్ళుంటాయి?"

"ఓ రెండు వేలు ఉంటాయేమో."

"పందొమ్మిది వందల తొంభై ఆరింటికి చోటుంది, ఈ నాలుగింటికే లేదన్నమాట."

"ఆ నాలుగూ కాస్త సున్నితమైనవట."

"మూడు పెట్టలూ ఒక పుంజూనా?"

"నీకెలా తెలుసు?"

"నాలుగంటే అంతే కదా మరి," అని ఆవిడ ఇంకో కాయ విప్పింది. "ఉంచుకోండి. కానీ నా టమాటా మళ్ళలోకి ఒక్క కాలు రాకూడదు. ఇంకోటి, మన పద్ధతి తెలుసుగా?"

"ఏ పద్ధతి?"

"తెచ్చినవాడే తుడవాలి."

అడక్కుండానే అనుమతి సంపాదించానన్న గర్వంలో ఆ వాక్యం లోతు నాకు అందలేదు. కోళ్ళు వచ్చిన మర్నాడు, చీపురు పట్టుకుని వంగినప్పుడు అందింది.

ప్రయోగంలో జంతువులకు పేర్లు పెట్టకూడదు, మమకారం పుడుతుంది. నేను వాటిని ఒకటి, రెండు, మూడు అన్నాను. మా ఆవిడ ఒక పూట వంటింటి కిటికీలోంచి చూసి, నా ముగ్గురు అక్కచెల్లెళ్ళ పేరు మీదుగా పెద్దాడపడుచు, నడిపాడపడుచు, చిన్నాడపడుచు అని నామకరణం చేసింది. శాస్త్రీయంగా నేను అభ్యంతరం చెప్పాను గానీ, పోలిక చూశాక వెనక్కి తీసుకున్నాను. పుంజుకు మాత్రం ఆవిడ చాలా గౌరవప్రదమైన పేరు పెట్టింది. అధ్యక్షులవారు.

పెరటి మెట్ల మీద కుర్చీ వేసుకుని, బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చున్నాను.

"ఎదురుగా ఉన్న కోడికి దుర్భిణీ ఎందుకండీ?" అంది మా ఆవిడ తడిబట్టలు ఆరేస్తూ.

"సూక్ష్మ వివరాలు పోకూడదు."

"దాంట్లోంచి ఈక కనపడుతుంది. కోడి కనపడదు."

"శాస్త్రం అంటేనే ఈక దగ్గర మొదలవడం," అన్నాను. వాక్యం బాగా కుదిరిందనిపించి మళ్ళీ ఒకసారి అన్నాను. ఆవిడ అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

మిత్రులారా, కోడిని ప్లేటులో తప్ప ఎరగని నాకు ఆ రోజులు నిజంగా పండగలా గడిచాయి. పెట్టలు పొడుచుకుంటాయి. కానీ ఇష్టం వచ్చినట్టు కాదు. పెద్దాడపడుచు నడిపిదాన్ని పొడుస్తుంది. నడిపిది చిన్నదాన్ని పొడుస్తుంది. చిన్నది ఎవర్నీ పొడవలేక నేలను పొడుస్తుంది. కింది నుంచి పైకి ఒక్క పోటు కూడా వెళ్ళదు. ఓ వందేళ్ళ కిందట ఒక పరిశీలకుడు కోళ్ళ దగ్గర కూర్చుని ఈ వరస కనిపెట్టాడని పుస్తకాల్లో చదివాను. ఇప్పుడు నా కళ్ళెదుట నూకల పళ్ళెం చుట్టూ అదే వరస నడుస్తుంటే, ఏళ్ళ తరబడి పనిచేసిన నా కాలేజీ స్టాఫ్ రూము మొట్టమొదటిసారిగా అర్థమైంది.

పుంజు సంగతి ఇంకా అద్భుతం. దానికి ఒక పురుగు దొరికితే వెంటనే మింగదు. ముక్కుతో ఎత్తి, కింద వదిలి, మళ్ళీ ఎత్తి, గొంతులో ఒక ప్రత్యేకమైన కూత కూస్తుంది. పెట్టలు పరుగెత్తుకొస్తాయి. అవి తింటుంటే పుంజు ఛాతీ విరుచుకుని పక్కన నిలబడుతుంది. ఒక్క పెట్టయినా దాన్ని పొడవలేదు.

"చూశావా?" అన్నాను మా ఆవిణ్ణి పిలిచి. "హెన్‌పెక్డా, నా మొహమా! వీడు ప్రభువు. తన నోటి ముందున్నది కూడా తీసి పెట్టలకు పెడుతున్నాడు."

"చూస్తున్నాను. మీకేమైనా స్ఫురించిందా?"

"ఏమని?"

"ఏం లేదు. ఇవాళ టీ మీరు పెడతారేమోనని."

పెట్టాను. శాస్త్రం గెలుస్తున్న ఉత్సాహంలో మనిషి ఏదైనా చేస్తాడు.

సభ ఇంకా కొద్ది రోజులుందనగా, ఒక పొద్దున అధ్యక్షులవారి మెడ మీద వెలితి కనిపించింది. బైనాక్యులర్స్ సవరించుకుని చూశాను. జుట్టుకు కింద, మెడ వెనక, అర్ధరూపాయంత నున్నటి చర్మం. ఈకలు రాల్చే కాలమేమోనని సర్దిచెప్పుకున్నాను. మర్నాటికి అది రూపాయంతయింది. ఆ సాయంత్రం, అద్దాల నిండా మెడే ఉండగా, పక్కనుంచి ఒక ముక్కు వచ్చింది. ఒక ఈకను పట్టుకుంది. లాగింది. గుటుక్కున మింగింది.

పెద్దాడపడుచు.

బైనాక్యులర్స్ దించేశాను. ఇన్నాళ్ళూ నేను వెక్కిరించిన 'ఉండవచ్చు' నా ముందే ఉండి కూర్చుంది. ఆదివారం డాక్టరు వచ్చి ఈ బోడి మెడ చూశాడంటే అధ్యక్ష పీఠం పోతుంది. బిరుదు మిగులుతుంది. ఆయన దాన్ని క్లినిక్కుకు వచ్చే ప్రతి పేషెంటుకూ చెబుతాడు. వాళ్ళు నోరు తెరిచి ఉంటారు కాబట్టి ఖండించను కూడా లేరు.

ఇక్కడ నిజమైన శాస్త్రజ్ఞుడైతే ఏం చెయ్యాలి? చూసింది చూసినట్టు చెప్పాలి. నేనేం చేశాను? బాత్రూములో కొళాయి విప్పి, ఆ చప్పుడులో బామ్మర్దికి ఫోను చేశాను.

"నీ దగ్గర అచ్చం ఇలాంటి పుంజే ఇంకోటి ఉందా? ఇదే రంగు. మెడ నిండా ఈకలుండాలి."

"ఉంది బావా. దీని పిల్లే. నిగనిగలాడుతుంది. కాకపోతే కుర్రది. కానీ బావా, ఒక మాట..."

"కానీ లేదు, గీనీ లేదు. శనివారం మధ్యాహ్నం మీ అక్క దర్జీ దగ్గరికి వెళ్తుంది. అప్పుడు తెచ్చి దీన్ని పట్టుకుపో."

"అది కాదు బావా, ముదురు పెట్టల మధ్య కుర్ర..."

ఫోను పెట్టేశాను. విద్యార్థుల ప్రశ్నలు సగంలో ఆపే అలవాటు నాకు పాతదే.

శనివారం మా ఆవిడ రవికెల గుడ్డలు సంచిలో పెట్టుకుని, "పంపు వేసి ఉంచకండి," అని వెళ్ళింది. ఆవిడ సందు మలుపు తిరిగిందో లేదో బామ్మర్ది స్కూటరు మీద గంపతో దిగాడు. పాత పుంజు గంపలోకి వెళ్ళింది. కుర్ర పుంజు పెట్టల కంటపడకుండా ఇంకో గంప కింద సర్దుకుంది. ఆహా, ఏం మెడ! ఈక ఈకకూ మెరుపు. అచ్చు గుద్దినట్టు అదే రూపం.

మా ఆవిడ తిరిగొచ్చి పెరటి వైపు చూసింది. "అధ్యక్షులవారు ఇవాళ కనపడరేం?"

"రేపు సభ కదా. గంప కింద విశ్రాంతి తీసుకుంటున్నారు."

"పాపం, అలసిపోయుంటారు," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. ఎక్స్‌ఛేంజీలో పనిచేసినవాళ్ళ గొంతులో ఏ భావమూ ఉండదు. "లైన్లో ఉండండి" అని ఎందరికి చెప్పిన గొంతో!

ఆదివారం పొద్దున పెరట్లో ఐదు కుర్చీలు వేశాం. డాక్టరు కొత్త చొక్కాలో వచ్చాడు. అధ్యక్షోపన్యాసం కాబోలు, మడిచిన కాగితం కూడా జేబులో ఉంది. మా ఆవిడ అందరికీ టీలిచ్చి లోపలికి వెళ్ళింది. నేను విజయగర్వంతో గంప దగ్గర నిలబడ్డాను.

"మిత్రులారా, ఇన్నాళ్ళ పరిశీలనలో ఒక్క పెట్ట కూడా ఈ పుంజును పొడవలేదు. దీని మెడ చూడండి. ఒక్క ఈకైనా తగ్గిందా?"

అది అక్షరాలా నిజం. ఈ పెట్టలు ఈ పుంజును అంతవరకూ చూడనే లేదు.

గంప ఎత్తాను. కుర్ర పుంజు ఠీవిగా నాలుగడుగులు వేసి, రెక్కలు టపటపలాడించి, కొక్కొరొకో అని ఎత్తుకుంది. 'కొక్కొ' దాకా వచ్చింది. మిగతాది ఎన్నడూ పూర్తి కాలేదు. పెద్దాడపడుచు మెడ నిక్కించి ఒక్క చూపు చూసి, నేరుగా వచ్చి దాని నడినెత్తిన పొడిచింది. నడిపాడపడుచు వీపు మీద. ఇన్నాళ్ళూ పొడవడానికి ఎవరూ దొరకని చిన్నాడపడుచుకైతే పూనకమే వచ్చింది.

పుంజు తూకంగారి కాళ్ళ మధ్య నుంచి దూరింది. చుట్టూ నేను కట్టిన వలను చించుకుని టమాటా మడిలోకి, అక్కణ్ణుంచి బట్టల తీగ మీదికి, తీగ మీది నుంచి టీ కప్పుల ట్రేలోకి, ట్రేలోంచి డాక్టరు నెత్తి మీదికి ఎగిరింది. ఆయన నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి ఆ స్థితిలో ఎదుటివాడి బాధ ఆయనకు తెలిసి ఉంటుంది. చివరికి పుంజు నా చేతుల్లోకి దూకి, తల నా చంకలో దాచుకుంది. మూడు పెట్టలూ నా కాళ్ళ ముందు వరసగా నిలబడి దాన్ని వదిలిపెట్టమన్నట్టు చూశాయి.

తూకంగారు విరిగిన కప్పు పక్కన పెట్టి అరచెయ్యి చాపారు. ఊపనవసరం కూడా లేకపోయింది. "ఋజువైందండీ."

"నూటికి నూరు పాళ్ళు!" డాక్టరు నెత్తి తడుముకుంటూ జేబులోని కాగితం తీశాడు. తలూపే ఇద్దరూ తలూపారు.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. మా ఆవిడ చంకలో గంపతో మెట్లు దిగింది. గంప కింద పెట్టి మూత తీసింది. బోడి మెడతో, ఎంతో నెమ్మదిగా, పాత పుంజు బయటికొచ్చింది.

రణరంగం ఆగిపోయింది. పెట్టలు నన్ను వదిలేసి పుంజు దగ్గరికి వెళ్ళాయి. పుంజు అటూ ఇటూ చూసి, పెద్దాడపడుచు ముందు మెల్లగా తల వంచింది. కళ్ళు మూసుకుంది. పెట్ట దాని మెడ మీద ఈకల్లో ముక్కు పెట్టి ఓపిగ్గా ఏరసాగింది. మధ్యలో ఒక ఈక ఊడొచ్చింది. పుంజు కదల్లేదు. పైగా మెడ ఇంకాస్త పక్కకు తిప్పి, 'ఇక్కడ కూడా' అన్నట్టు చూపించింది.

"రోజూ సాయంత్రం ఇదే తంతు," అంది మా ఆవిడ. "కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అది వెళ్ళి అడిగి చేయించుకుంటుంది. మా ఆయనకి దుర్భిణీలో ముక్కూ మెడా కనపడ్డాయి. మూసిన కళ్ళు కనపడలేదు."

డాక్టరు వంగి చూశాడు. వృత్తి కుతూహలం పందేన్ని మించిపోయింది. "నిజమే సుమా. పేషెంటు సహకరిస్తున్నాడు."

"మరి దీన్ని పొడిచాయంటారా, పొడిపించుకున్నదంటారా?" అన్నారు తూకంగారు. ఆయన చెయ్యి చాలాసేపు ఊగి, ఎటూ మొగ్గకుండా ఆగింది. "అది సరే అమ్మా, పుంజులు రెండెందుకున్నాయి?"

మా ఆవిడ నా వైపు తిరిగింది. "ఆ సంగతి మీ అధ్యక్షులు చెబుతారు. లైన్లోనే ఉన్నారు."

అందరూ చూస్తున్నారు. నా చంకలో దాక్కున్నది కూడా తల బయటపెట్టి చూసింది. ఇక దారి లేక బాత్రూము, కొళాయి, ఫోను, శనివారం, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ నా నియమావళిలోని రెండో వాక్యం నా గొంతుతోనే నా చెవిలో వినపడుతోంది.

"మరి నీకెలా తెలిసింది?" అన్నాను చివర్న, నీరసంగా.

"మా తమ్ముడికి చిన్నప్పట్నుంచీ ఏదైనా దాచుకుంటే కడుపునొప్పి వస్తుంది. మీరు మొదటిసారి ఫోను పెట్టేసిన మరుక్షణం వాడు నాకు చేశాడు. నిన్న వాడు తిరిగి వెళ్తుంటే సందు మలుపులోనే ఆపి గంప తీసుకున్నాను. రాత్రంతా అధ్యక్షులవారు మన సామాన్ల గదిలోనే ఉన్నారు."

"కుర్ర పుంజును ముదురు పెట్టలు తరుముతాయని కూడా చెప్పాడా?"

"చెప్పాడు. మీకూ చెప్పబోయాడట కదా?"

"మరి నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"ప్రయోగం మధ్యలో కలగజేసుకోకూడదని మీరే కదండీ అంటారు?"

డాక్టరు గొంతు సవరించుకుని కాగితం విప్పాడు. "రెండో నియమం ప్రకారం పదవి ఖాళీ అయింది కనుక, నేను..."

"ఒక్క నిమిషం," అన్నారు తూకంగారు. "మొదటి నియమం సంగతి? పార్కులో ఆ మాట అన్నప్పుడు మీ దగ్గర ఋజువుందా? పుంజును పెట్ట పొడవగా అప్పటికి మీరు చూడలేదు. ఇప్పుడు చూసింది కూడా తెచ్చిపెట్టిన పుంజును. తూకంరాళ్ళు మార్చిన సరుకు నేను ఒప్పుకోను."

డాక్టరు కాగితం మళ్ళీ మడిచాడు.

"మాస్టారు ఋజువు మార్చారు. మీరు ఋజువు లేకుండా మాట్లాడారు. అసలు సాక్ష్యాన్ని భద్రంగా దాచి, ఉన్నది ఉన్నట్టు సభ ముందు పెట్టినవారు ఇక్కడ ఒక్కరే ఉన్నారు." తూకంగారు మా ఆవిడ వైపు తిరిగి నమస్కారం పెట్టారు. "ఆ పీఠం మీరు తీసుకోవాలమ్మా."

తలూపే ఇద్దరూ ఇంత గట్టిగా తలూపడం నేనెప్పుడూ చూడలేదు.

"నాకెందుకండీ ఇవన్నీ," అంటూనే మా ఆవిడ నా కుర్చీలో కూర్చుంది. "మాట పుట్టుక తెలుసుకోవాలంటే కోళ్ళని చూడండి, తప్పులేదు. నాకూ సరదాగానే ఉంది. ఒక్క మెడ మీద ఈకలు పోవడం చూసి ఎవరో ఒక మాట కట్టేసి ఉంటారు, పుంజు మొహం చూసి ఉండరు. కానీ మా ఆయన సంగతి తేలడానికి కోళ్ళెందుకు? నన్ను ఒక్క మాట అడిగితే సరిపోయేది కదా?"

ఈ ఆలోచన మా ఐదుగురిలో ఒక్కరికీ రాలేదు.

"అమ్మా, అయితే మీరే సెలవియ్యండి," అన్నాడు డాక్టరు, కాస్త ఆశగా. "మాస్టారు హెన్‌పెక్డ్ అవునా, కాదా?"

పీఠం ఎలాగూ పోయింది. బిరుదొక్కటే మిగిలింది, అది ఇప్పుడు ఆవిడ చేతిలో ఉంది.

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. చొక్కా నిండా టీ, చేతుల్లో పుంజు, నెత్తి మీద ఒక ఈక. ఆవిడ కళ్ళలో ఏదో మెత్తబడింది.

"ముమ్మాటికీ కాదు," అంది. "ఇలాంటి మాట ఆయన్ని ఎవరైనా అంటే నేనూరుకోను. సభ ముందు తీర్మానం పెడుతున్నాను. ఈ సభ్యుడు హెన్‌పెక్డ్ కాదు. తనకు తోచిందే తప్ప పెళ్ళాం చెప్పింది చేసే మనిషి కాదు. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

నాలుగు చేతులు లేచాయి. నేను పుంజును పట్టుకుని తటపటాయించాను.

"ఏమండీ! మీకే చెబుతున్నాను. ఎత్తండి."

ఎత్తాను.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. సభ్యులు ఒక్కొక్కరే లేచి కొత్త అధ్యక్షురాలికి నమస్కారాలు పెట్టి బయల్దేరారు. గేటు దగ్గర తూకంగారు వెనక్కి తిరిగి, "మాస్టారూ, సభ అయిపోయిందండీ. చెయ్యి దించొచ్చు," అన్నారు.

నాకూ దించాలనే ఉంది. కానీ మా ఆవిడ అప్పటికే కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా ఇంటి పద్ధతి ప్రకారం, మొదలుపెట్టిన మనిషే ముగించాలి.